పత్తి పట్టీకి పరీక్ష

ఆదోని మార్కెట్ యార్డు గేటు దాటి లోపలికి రండి. నవంబరు నెల, పొద్దున్నే. ఆలూరు, కౌతాళం వైపు నుంచి వచ్చిన ట్రాక్టర్లు, సరిహద్దు దాటి కర్ణాటక పల్లెల నుంచి వచ్చినవి, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. కాస్త పక్కకు జరిగి నడవండి, హమాలీలు బోరేలు మోసుకొస్తున్నారు. అరుగుల మీద పత్తి కుప్పలు పడుతున్నాయి. గాలికి లేచిన పింజ మీ భుజాల మీద, కనుబొమల మీద వాలుతుంది. దులుపుకున్నా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

ఈ కుప్ప దగ్గర ఆగుదాం. కొనేవాడు చెయ్యి మోచేతి దాకా లోపలికి దూర్చి, పైపత్తి వదిలేసి అడుగుపత్తి తీశాడు. రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య పట్టి పింజ లాగి చూశాడు. ఆ తర్వాతే తేమ మీటరు పెట్టాడు.

"పదీ పాయింటు నాలుగు చూపిస్తాండాది పెద్దాయనా."

"నిన్నంతా ఎండలో పోసినా గదప్పా! పది ఎట్లొస్తాది? ఇంకోసారి పెట్టు."

ఇంకోసారి, ఇంకో చోట పెట్టాడు. 10.1 వచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుమాస్తా పుస్తకంలో 10 అని రాసుకున్నాడు. రైతు తల ఊపాడు.

ఇక్కడే మిమ్మల్ని ఆపాలనుకున్నాను. నేను పత్తి కొనడానికి రాలేదు. జిన్నింగు మిల్లులు, పత్తి వ్యాపారులు వాడే లెక్కల సాఫ్ట్‌వేరును పరీక్షించడం నా ఉద్యోగం. మా సాఫ్ట్‌వేరులో తేమ రాసే గడి ఒక్కటే ఉంది. ఆ గడిలో 10.4 పడాలా, 10.1 పడాలా, ఇద్దరూ ఒప్పుకున్న 10 పడాలా? ఈ ప్రశ్న ఇవాళ్టి దాకా మా పరీక్షల్లో ఎక్కడా లేదు. వారాంతంలోగా నేను యాజమాన్యానికి ఒక అభిప్రాయం రాసివ్వాలి: పరీక్షలను మనిషి బదులు యంత్రంతో నడిపించే వాణిజ్య సాఫ్ట్‌వేరు, అంటే టెస్ట్ ఆటోమేషన్ టూలు, డబ్బు పెట్టి కొనాలా వద్దా అని. ఆ కాగితం రాసే ముందు ఈ కుప్ప దగ్గర నిలబడాలనిపించింది.

పదండి, మిల్లుకు వెళ్దాం.

ఊరి అంచున జిన్నింగు మిల్లు, దాని వాకిట్లో కాటా గది. ఇరుకు గది, ఒక కిటికీ, కిటికీ అవతల వేబ్రిడ్జి మీద నిలబడ్డ బండి. బల్ల మీద పాత కంప్యూటరు, దాని వెనక నుంచి కాటా పెట్టెలోకి పోయే లావుపాటి కేబులు, పక్కన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. గుమాస్తా చేతులు చూడండి. మౌస్ ముట్టుకోడు. ఎంటర్, ఎంటర్, ట్యాబ్, ఎఫ్-కీ. బండి తూకం తెర మీద స్థిరపడేలోపే రైతు పేరు, ఊరు కొట్టేశాడు. ప్రింటరు కర్రుమంటూ చీటీ దించింది. బండి కదిలింది, వెనక ఇంకొకటి ఎక్కింది. సీజనులో చీకటిపడేదాకా ఇదే పని.

ఈ చీటీ మీది అంకెలు ఎలా పుడతాయో ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. 2025–26 సీజనుకు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు రూ.8,110. మధ్యరకం పింజకు రూ.7,710. కాటన్ కార్పొరేషన్ వాళ్ళు 8 శాతం తేమకు పూర్తి ధర ఇస్తారు. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం తగ్గుతుంది. 12 దాటితే కొనరు. అంటే పొడుగు పింజకు 9 శాతం దగ్గర రూ.8,028.90, పది దగ్గర రూ.7,947.80, పన్నెండు దగ్గర రూ.7,785.60. మిల్లువాళ్ళు తమ పుస్తకాల్లో సరిచూసుకోవడానికి మా సాఫ్ట్‌వేరు కూడా ఈ లెక్క కడుతుంది.

బండిలో 18 క్వింటాళ్ళ 42 కిలోలు ఉంది, తేమ పది అనుకోండి. 7,947.80తో గుణిస్తే రూ.1,46,398.48 వస్తుంది. అదే ధరను ముందుగా రూ.7,948కి సవరించి గుణిస్తే రూ.1,46,402.16 అవుతుంది. తేడా రూ.3.68. ఏ మెట్టు దగ్గర పైసలను సవరిస్తున్నామన్న దాని మీద పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క కాగితం, మారిపోతుంది. ఒక్క బండికి నాలుగు రూపాయల లోపే కదా అని ఎవరైనా అనొచ్చు. నేను అనను. రైతు ఆ కాగితాన్ని మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోతాడు. ఎవరో ఒక పిల్లాడు కాలిక్యులేటరు తీసి సరిచూస్తాడు. అక్కడ తేడా వస్తే మిల్లు మీద నమ్మకం పోతుంది. ఆ తర్వాత మా మీద పోతుంది.

ఇక వ్యాపారి సొంతానికి కొన్న పత్తి సంగతి వేరు. 2017 నవంబరు 15 నుంచి రైతు దగ్గర ముడిపత్తి కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే రివర్స్ ఛార్జి కింద 5 శాతం జీఎస్టీ కట్టాలి. 2021 జూలై 1 నుంచి పెద్ద కొనుగోలుదారులకు ఒకే అమ్మకందారు దగ్గర ఏడాదిలో 50 లక్షలు దాటిన కొనుగోలు మీద 0.1 శాతం టీడీఎస్ వచ్చింది. అలాంటి మార్పు వచ్చిన ప్రతిసారీ బిల్లు మారింది. బిల్లు మారిన ప్రతిసారీ మేం పాత లెక్కలన్నీ మళ్ళీ చేత్తో కొట్టి చూశాం. మద్దతు ధరైతే ఏటా అక్టోబరు సీజనుకు మారనే మారుతుంది. టూలు కొందామన్న ఆలోచన పుట్టింది ఈ అలసటలోంచే. దాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు.

మధ్యాహ్నం బస్సెక్కి మా ఆఫీసున్న ఎమ్మిగనూరు చేరాం. సోమప్ప సర్కిల్ దగ్గర దిగండి. ఈ ఊళ్ళో చేనేత సహకార సంఘాన్ని 1938లో నిలబెట్టిన మాచాని సోమప్ప పేరది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేసేవాళ్ళకు నూలిచ్చి బట్ట తీసుకునే సంఘానికి ప్రాణం చిట్టాలో ఉంటుంది: ఎవరికెంత నూలు పోయింది, ఎంత బట్ట వచ్చింది, కూలి ఎంత. మా గదిలో పనిచేసే అక్క వాళ్ళ నాన్న మగ్గం నేసినవాడు. ఆమె బీకాం చదివి, ఆదోనిలో పత్తి మండీలో ఏళ్ళ తరబడి పద్దులు రాసి మాలో చేరింది. ప్రోగ్రామింగు రాదు. పత్తి పట్టీలో తప్పు ఎక్కడ దాక్కుంటుందో మాత్రం మా అందరికంటే ఆమెకే తెలుసు. రెండోవాడు ఇంజినీరింగు ముగించి వచ్చిన కుర్రవాడు, కోడు బాగా రాస్తాడు, బస్తాకూ బేలుకూ తేడా ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు.

మేడ మీది గదిలో కూర్చోండి. ఫ్యాను తిరుగుతోంది, కిందనుంచి బజారు మోత. తెర మీద టూలు అమ్మే కంపెనీ ఇంజినీరు డెమో మొదలుపెట్టాడు. రికార్డు బటన్ నొక్కాడు, తమ నమూనా అప్లికేషనులో ఒక ఆర్డరు నమోదు చేశాడు, ఆపాడు. ప్లే నొక్కాడు. పాయింటరు తనంతట తానే కదిలి, గడులు నింపి, చివర పచ్చ టిక్కు పెట్టింది. అక్క ముందుకు వంగి చూసింది. "ఇది నేను కూడా చేయొచ్చా తమ్ముడూ?" అని నన్నడిగింది.

చేయొచ్చు. ట్రయల్ వెర్షను ఇచ్చాక అరగంటలో తన మొదటి పరీక్ష తనే రికార్డు చేసింది. కోడు రాని మనిషి చేతిలో పరీక్ష పుట్టిన ఆ అరగంటను నేను చాలా విలువైనదిగా లెక్కేశాను. వాణిజ్య టూళ్ళకు ఉన్న అసలైన బలం అదే. ఉచిత టూళ్ళను మెచ్చుకునేవాళ్ళు ఈ మాట దగ్గర తొందరపడి దాటిపోతుంటారు.

తర్వాత మా బిల్లు తెర మీద నడిపించమని అడిగాం.

మా బిల్లు పట్టికను మేమే గీసుకున్నాం. అందులోని గడులు మీకూ నాకూ కనిపిస్తాయి, టూలుకు మాత్రం పట్టిక మొత్తం ఒకే పెట్టెగా కనిపించింది. అందుకని అది తెర మీద ఇన్ని పిక్సెళ్ళ దూరంలో క్లిక్కు అని రాసుకుంది. కాటా గదిలో చూశారు కదా ఆ పాత మానిటరు, దాని కొలతలు వేరు. అక్కడ నడిపితే తేమ గడిలో పడాల్సిన అంకె బరువు గడిలో పడింది. సరిచేసే దారులు లేకపోలేదు, అమ్మే ఇంజినీరు ఓపిగ్గా చూపించాడు. కాకపోతే ఆ దారులన్నీ కోడే. అక్క మళ్ళీ వెనక్కి జరిగి కూర్చుంది.

రెండోది కాటా. బరువు కీబోర్డు నుంచి రాదు, కేబులు గుండా వస్తుంది. టూలు మీటలు నొక్కగలదు, వేబ్రిడ్జి మీదికి బండి ఎక్కించలేదు. దొంగ బరువులు పంపే చిన్న ప్రోగ్రాము మేమే రాసుకోవాలి, ఏ టూలు కొన్నా సరే.

మూడోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అక్క రికార్డు చేసిన పరీక్షలో ధర 8,110 అని అంకెగానే అచ్చయిపోయింది. కిందటి సీజనులో ఆ అంకె 7,521. వచ్చే సీజనులో ఇంకోటి. రికార్డు చేసిన పరీక్షలన్నింటిలో ఆ అంకె ఎక్కడెక్కడ అతుక్కుందో వెతికి మార్చే పని ప్రతి అక్టోబరులో, సరిగ్గా బండ్లు మొదలయ్యే వేళకు, మా నెత్తిన పడుతుంది. అంకెలను విడిగా ఒక పట్టికలో పెట్టుకుని పరీక్షకు అందించే ఏర్పాటు ఆ టూలులో ఉంది. దాన్ని వాడుకోవాలంటే ముందు పరీక్షలను ఆలోచించి కట్టాలి. రికార్డు బటన్ ఆ ఆలోచన చేసిపెట్టదు.

లైసెన్సు సంగతికి వద్దాం. పరీక్షలు రాసే సీటుకు ఒక లైసెన్సు, వేరే యంత్రాల మీద నడపడానికి ఇంకో లైసెన్సు, ఏటా పునరుద్ధరణ. మా బృందం మొత్తానికి తీసుకుంటే ఒక కొత్త మనిషి జీతం దాటుతుంది. హైదరాబాదు అమీర్‌పేటలో చదువుకున్నవాళ్ళకు ఇక్కడ పాత సంగతులు గుర్తొస్తాయి. మైత్రీవనం చుట్టూ గోడల నిండా క్యూటీపీ అనే టెస్ట్ టూలు కోచింగు బోర్డులు ఉండేవి, మన జిల్లాల నుంచి పోయి హాస్టళ్ళలో ఉండి నేర్చుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు ఎందరో. ఆ టూలు మొదట మెర్క్యురీ ఇంటరాక్టివ్‌ది. 2006లో హెచ్‌పీ ఆ కంపెనీని కొంది. టూలు పేరు యూఎఫ్‌టీ అయింది. 2017లో మైక్రో ఫోకస్ చేతికి, 2023లో ఓపెన్‌టెక్స్ట్ చేతికి వెళ్ళింది. ఇన్ని చేతులు మారినా టూలు బతికే ఉంది, అది మెచ్చుకోవాల్సిందే. కానీ అందులో పరీక్షలు రాసే భాష వీబీస్క్రిప్ట్. ఆ భాషను విండోస్ నుంచి క్రమంగా తీసేస్తామని 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఇరవై ఏళ్ళుగా వేల స్క్రిప్టులు పోగేసుకున్న సంస్థల పరిస్థితి ఊహించండి. టూలు కొన్న రోజున ఇలాంటి లెక్క ఎవరూ వేసి ఉండరు.

"అట్లయితే సెలీనియం పెడదాం అన్నా, ఫ్రీ కదా," అన్నాడు కుర్రవాడు.

సెలీనియం అనే పరీక్షల టూలును 2004లో షికాగోలో, థాట్‌వర్క్స్‌లో పనిచేస్తూ జేసన్ హగ్గిన్స్ మొదలుపెట్టాడు. 2020లో మైక్రోసాఫ్ట్ నుంచి ప్లేరైట్ వచ్చింది. రెండూ మంచివి, రెండూ ఉచితం. రెండూ బ్రౌజరు కోసం చేసినవి. మా సాఫ్ట్‌వేరు కాటా గదిలో విండోస్ మీద నడిచే డెస్క్‌టాప్ ప్రోగ్రాము. నెట్ పోయినా బండి ఆగకూడదు కాబట్టి అది అలాగే ఉండాలి. డెస్క్‌టాప్ కోసం మైక్రోసాఫ్ట్ తెచ్చిన విన్‌యాప్‌డ్రైవర్ 2020 తర్వాత ముందుకు సాగలేదు. ఫ్లాయూఐ లాంటి ఉచిత లైబ్రరీలు ఉన్నాయి, కుర్రవాడు రెండు రోజులు కూర్చుంటే కొంత పని జరుగుతుంది. అయితే ఆ కోడును వాడు ఉన్నన్నాళ్ళే చూసుకుంటాడు. మంచి ఆఫరు వస్తే బెంగళూరు పోతాడు, పోవాలి కూడా. ఆ తర్వాత దాన్ని తెరిచి చదివేది ఎవరు? టెస్ట్‌కంప్లీట్, రానోరెక్స్, యూఎఫ్‌టీ లాంటి కొనుక్కునే టూళ్ళు డెస్క్‌టాప్ తెరల విషయంలో ఇప్పటికీ ముందున్నాయని నేను ఒప్పుకోక తప్పదు.

సాయంత్రం అయింది. కింద నుంచి టీ తెప్పించాం. అక్క ఎక్సెల్ తెరిచి ఏదో కొట్టుకుంటోంది. ఏంటని చూస్తే వరసలు: తేమ 8.0, 8.1, 8.2... ఎదురుగా చేత్తో కట్టిన ధర. "నాకు తెర మీద నొక్కేది కాదు తమ్ముడూ కావాల్సింది. ఈ అంకెలిస్తే ఆ అంకె రావాల. వచ్చిందా లేదా, అంతే," అంది.

కుర్రవాడు ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. 8.0 నుంచి 12.0 దాకా పదో వంతు చొప్పున 41 విలువలు. రెండు పింజలకు 82. 12.1కి కొనుగోలు కుదరదని చెప్పాలి, అది ఇంకో వరస. ఒక కిలో బరువు, 18 క్వింటాళ్ళ 42 కిలోలు, సున్నా. లోడు బరువు కంటే ఖాళీ బండి బరువు ఎక్కువ పడితే ఏమవ్వాలి? అక్క ఆగకుండా చెబుతోంది, వాడు కొడుతున్నాడు. ఈ వరసలకు తెర అక్కర్లేదు. లెక్క కట్టే కోడును నేరుగా పిలిచి, ఒక్కో వరస ఇచ్చి, జవాబు సరిచూసే చిన్న ప్రోగ్రాము చాలు. దానికి వాడే పరికరాలన్నీ ఉచితమే. వాడు ఆ రాత్రే మొదటి రూపం నడిపించాడు. వరసలన్నీ క్షణాల్లో ముగిశాయి. అందులో తేమ 10.4 లాంటి భిన్నాల వరసలు ఎర్రగా వచ్చాయి: 10.4కు ఒక చోట మా కోడు 2.4 శాతం తగ్గిస్తోంది, ఇంకో చోట భిన్నం వదిలేసి 2 శాతమే తగ్గిస్తోంది. ఒకే ప్రోగ్రాములో రెండు జవాబులు. పొద్దున కుప్ప దగ్గర నాకు ఎదురైన ప్రశ్నే అది. ఏ డెమోలోనూ అది బయటపడలేదు, ఎందుకంటే అది అడగాలని టూలుకు తెలియదు.

నా అభిప్రాయం అక్కడ స్థిరపడింది. కాగితం మీద ఇలా రాశాను. బృందమంతటికీ లైసెన్సులు ఇప్పుడు వద్దు. ముందుగా డబ్బు లెక్కలన్నింటికీ అక్క ఎక్సెల్ వరసలు రాయాలి, దానికి ఆమె రోజులో సగం సమయం ఇవ్వాలి, ఆ సమయాన్ని ఖర్చుగా లెక్కలో చూపించాలి. మద్దతు ధర, పన్ను శాతాలు ఒక్క చోటే ఉండాలి, అక్టోబరులో అక్కడ మారిస్తే అంతటా మారాలి. కాటా బరువుల నకిలీ ప్రోగ్రాము కుర్రవాడు రాయాలి, రాసింది ఇంకొకరికి నేర్పాలి. ఇవన్నీ అయ్యాక తెర మీద తప్పనిసరిగా చూడాల్సినవి కొన్నే మిగులుతాయి: గుమాస్తా ఎంటర్ మీద ఎంటర్ కొట్టుకుంటూ పోతే సరైన గడిలోకి వెళ్తోందా, ప్రింటరు మీద తెలుగు పేర్లు సరిగ్గా పడుతున్నాయా, మధ్యలో కరెంటు పోయి వస్తే బిల్లు రెండుసార్లు నమోదవుతోందా. వాటి కోసం ఒక్క సీటు, ఒక్క ఏడాదికి, కొనండి. ఆ సీటు అక్కకు ఇవ్వండి.

ఒక్క సీటు కూడా ఎందుకని యాజమాన్యం అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. కోడు రాని మనిషి రాసుకోగల పరీక్ష మా దగ్గర ఉండాలి కాబట్టి. పత్తీ, కోడూ రెండూ తెలిసిన మనిషి దొరకడం ఈ ఊళ్ళలోనే కాదు, హైదరాబాదులోనూ అరుదు. పత్తి తెలిసిన మనిషి చేతికి పనిముట్టు అందించడానికి పెట్టే ఖర్చును నేను సమర్థిస్తాను. అందరికీ కొనిచ్చి, పరీక్షలు ఆలోచించే సమయం మాత్రం ఎవరికీ ఇవ్వని ఖర్చును సమర్థించను.

ఆదోని, ఎమ్మిగనూరు, గుంటూరు, వరంగల్, ఎక్కడైనా సరే, మీ ఆఫీసులో ఇలాంటి టూలు మీద చర్చ నడుస్తుంటే ఒక మనవి. డెమోను వాళ్ళ నమూనా తెర మీద చూసి సంతకం పెట్టకండి. మీ దగ్గరున్న అన్నింటికంటే పాత, అన్నింటికంటే మొండి తెర ఇచ్చి దాని మీద నడిపించమనండి. మీలో పని తెలిసిన, కోడు తెలియని మనిషిని కీబోర్డు ముందు కూర్చోబెట్టండి. లైసెన్సు గడువు ముగిసిన మర్నాడు మీరు రాసుకున్న పరీక్షలు మీ చేతికి ఏ రూపంలో వస్తాయో కాగితం మీద రాయించుకుని, ఆ తర్వాతే ధర మాట్లాడండి.